వజ్రము చూచు కన్ను

మన చలనచిత్రములలో రాజాధిరాజులు ధరించు కిరీటములలో తళతళలాడునవి గాజురాళ్లు. అది యెరుగని ప్రేక్షకుడు లేడు. ఆ చిత్రములకు నిలయమైన ఫిలింనగరునుండి దక్షిణముగా షేక్‌పేట మీదుగా పోయినచో కొలది దూరములోనే కుతుబ్‌షాహీ సమాధులును, వాటిని దాటగానే గోలకొండ కోటయు కన్పట్టును. సుమారు 380 సంవత్సరములకు పూర్వము ఆ కోటకు దిగువనున్న కార్వాన్ పేటలో నిజమైన రాళ్లే చేతులు మారుచుండెను. కృష్ణాతీరపు గనులనుండి గుడ్డపీలికలలో ముడివేసి తెచ్చిన రాళ్లకు అచ్చట తూకము కట్టెడివారు, సాన పట్టెడివారు, వెల నిర్ణయించెడివారు. 18వ శతాబ్దిలో బ్రెజిల్ దేశమున గనులు బయల్పడువరకు, బోర్నియో దీవిలో దొరకిన కొలది రాళ్లు తప్ప, లోకమునకు వజ్రములనిచ్చినది మన దేశమే.

ఆ రాళ్లను వెదకుకొనుచు వచ్చిన విదేశీయులలో మిక్కిలి ప్రసిద్ధుడు జాన్ బాప్తిస్ట్ టావెర్నియర్. అతడు నగలు చేయు కంసాలి కాడు. సాన పట్టువాడును కాడు. ముడిరాయిని రెండు వ్రేళ్ల నడుమ పట్టుకొని, దాని కాంతి యెట్టిది, దోషమెక్కడ నున్నది, చెక్కిన పిమ్మట నెంత మిగులును, ఏ రాజు దాని నెంతకు కొనును అని చెప్పగలిగిన పరీక్షకుడు. ఐరోపా చరిత్రకారులు అతని కంటిని చాల మెచ్చుకొనిరి. ఆ కన్ను తెరిపిడి పడినది ఏ పాఠశాలలోనో వారంత శ్రద్ధగా విచారింపలేదు.

అతడు 1605లో పారిస్ నగరమున జన్మించెను. తండ్రి గాబ్రియేల్ ఆంట్వెర్ప్ నుండి వచ్చి స్థిరపడిన ప్రొటెస్టెంటు మతస్థుడు. దేశపటములు చెక్కించి అమ్ముట ఆ యింటివారి వ్యాపారము. పటములను చూచుచు, వాటిని గూర్చి పెద్దలు చేయు చర్చలు వినుచు పెరిగిన పిల్లవానికి ఊరు విడువవలెనను కోరిక పుట్టుటలో ఆశ్చర్యము లేదు. ఇరువదిరెండేండ్లు నిండునప్పటికే అతడు ఐరోపాఖండములో చాలభాగము తిరిగెను. 1630 మొదలు 1668 వరకు ఆరు పర్యాయములు తూర్పుదేశములకు పోయి వచ్చెను. మొదటి యాత్ర పారసీకముతో ముగిసెను. 1638లో బయలుదేరిన రెండవ యాత్రలో మన దేశమున నడుగు పెట్టి ఆగ్రాను, గోలకొండను చూచెను. వ్యాపారపు పద్ధతి సులభముగనే తోచును: ముత్యములు, నగలు, ఐరోపా స్వర్ణకారులు చేసిన వింతవస్తువులు తెచ్చి తూర్పురాజుల కమ్ముట; ఆ సొమ్ముతో ముడివజ్రములు కొని పడమటికి గొనిపోవుట. సులభమైనది పద్ధతియే గాని పని కాదు. ముడివజ్రము చూచుటకు పటికబెల్లపు పలుకువలె నుండును. లోపలి దోషము బయటికి తెలియదు. ఒక్క రాయి విషయమున పొరబడినచో నాలుగేండ్ల ప్రయాణపు లాభము పోవును.

గనులున్న చోటు దుర్గమమనియు, దారిలో ప్రాణభయమనియు, అచ్చటి జనులు క్రూరులనియు ఐరోపా వర్తకులలో ప్రతీతి యుండెను. ఆ భయముచేత చాలమంది ఓడరేవులలోనే నిలిచి, దళారులు తెచ్చిన రాళ్లను దళారులు చెప్పిన వెలకే కొనిపోవుచుండిరి. టావెర్నియర్ 1645లో స్వయముగా గనులకు పోయెను. విన్నదంతయు కల్ల యని అక్కడ తెలిసికొనెను. మర్యాదలో గాని, మాటనిలుకడలో గాని ఆ గని యూళ్లవారికి వంక పెట్టుటకు లేదని వ్రాసెను. అతని జీవితమున ఇదియే గొప్ప మలుపని చెప్పవచ్చును. రేవులోని వర్తకుడు రాయిని మాత్రమే చూచును. గనికి పోయినవాడు ఆ రాయి యెట్లు పుట్టెడిదో, ఎందుకు పగులునో, దాని దోషము నెవరెట్లు దాచుదురో కూడ చూచును.

రావులకొండ యని అతడు పేర్కొన్న గని గోలకొండకు ఐదుదినముల ప్రయాణములో, విజాపుర సుల్తానుల యేలుబడిలో నుండెను. అచ్చటిది ఇసుకనేల, రాతిగుట్టలు, పొదలు. బండలలో వ్రేలి మందమున, కొన్నిచోట్ల అందులో సగము మందమున, చీలికలుండును. పనివారు కొన వంచిన సన్నని ఇనుపకడ్డీలను ఆ చీలికలలో దూర్చి లోపలి ఇసుకను, మట్టిని లాగి పాత్రలలో పోసికొందురు. వజ్రములుండునది ఆ మట్టిలోనే. చీలిక వంకరపోయి కడ్డీ సాగనిచోట గునపములతో బండను పగులగొట్టవలసి వచ్చును. ఆ దెబ్బకు లోపలి వజ్రము కూడ అదరి సన్నని బీటలు వారును. ఆ గనినుండి వచ్చు రాళ్లలో బీటలెక్కువగా నుండుటకు కారణమిదియే యని టావెర్నియర్ గ్రహించెను.

సానపట్టువారు గనియూరిలోనే ఉండెడివారు. ఒక్కొక్కని యొద్ద భోజనపు పళ్లెమంత ఉక్కుచక్రము ఒకటి మాత్రమే యుండును. దానిపై ఒకసారికి ఒక్క రాయినే పట్టుదురు. మొదట నీరు పోయుచు రాయి పొర యెటు సాగుచున్నదో కనిపెట్టుదురు. అది తెలిసిన పిమ్మట నూనెయు, వజ్రపుపొడియు ధారాళముగా వేసి చక్రము త్రిప్పింతురు. వజ్రమును కోయగలది వజ్రమే గనుక ఆ పొడి యెంత వెలగలదైనను తప్పదు. రాయి కదలకుండ దానిపై సీసపుబరువు మోపుదురు. చెక్కిన తరువాత 103 క్యారట్లు తూగిన ఒక రాయిపై 150 పౌనుల సీసము మోపగా అతడు చూచెను. ఐరోపాలో నంత బరువు పెట్టరు.

పెద్ద బీట యున్న రాయిని వారు అరగదీయరు. ఆ బీట వెంటనే చీల్చివేయుదురు. పొర తెలిసి కొట్టిన ఒక్క దెబ్బకు రాయి చక్కగా రెండగును. తెలియక కొట్టినచో నాశనమగును. ఈ చీల్చు విద్యలో ఇచ్చటివారు తమ దేశపు పనివారికంటె నిపుణులని టావెర్నియర్ మొగమాటము లేక ఒప్పుకొనెను. మెరుగు పెట్టుటలో మాత్రము వారికి తక్కువ మార్కులు వేసెను. చక్రము నిలుకడగా తిరుగదనియు, అందుచేత రాతికి ఐరోపా సానలో వచ్చు జీవకళ రాదనియు అతని అభిప్రాయము. రెండు తీర్పులును వృత్తి తెలిసిన వాని తీర్పులే. మెప్పును, తప్పును ఒకే తక్కెడలో తూచినాడు.

దోషము లేని రాయియైనచో సానవాడు దానిని చక్రముపై ఒకసారి ఆడించి విడిచిపెట్టును. దానికి కొత్త ఆకారము కల్పింపడు. ఆకారముకొరకు పోయినచో తూకము పోవును. చిన్న బీటయో, నలుసో, చుక్కయో ఉన్నచో మాత్రము దానిని కప్పుటకు రాయినిండ చిన్నచిన్న పలకలు చెక్కును. చుక్కలలో ఎరుపుకంటె నలుపు మేలని అచ్చటి వర్తకుల మతము. ఎర్రచుక్క ఉన్న రాయిని కాల్చినచో ఆ చుక్క నల్లబడును. ఈ మర్మములన్నియు టావెర్నియర్ కొలదికాలములోనే పట్టుకొనెను. ఆ మీదట గనినుండి వచ్చిన పొట్లములో పలకలు చెక్కిన రాయి, అందులోను చిన్న పలకలున్న రాయి కనబడినచో, ఇందులో నేదో దాగియున్నదని చూచినంతనే నిశ్చయించుకొనెడివాడు. అలంకారము చూచి దోషమును పసిగట్టుట! సాహిత్య విద్యార్థులకును పనికివచ్చు పరీక్ష యిది.

పరీక్షించు సమయమును, స్థలమును గూర్చి అతడు నేర్చినది ఇంకను చిత్రమైనది. ఐరోపా వర్తకులు ముడిరాళ్లను పగటివెలుతురులో చూచెదరు. ఇచ్చటివారు రాత్రి చూచెడివారు. గోడలో అడుగు పొడవు, అడుగు వెడల్పు గల గూడు చేసి, అందులో లావువత్తి గల దీపము పెట్టి, రాయిని వ్రేళ్ల నడుమ పట్టి ఆ వెలుగున కాంతిని, చుక్కలను నిదానించి చూచెడివారు. అయితే లోపల నీలిఛాయ గల రాయిని ఈ దీపము కూడ పట్టియ్యదు. వర్తకులు అట్టి ఛాయను అన్నిటికంటె హీనమైనదానిగా నెంచిరి. దానికొక ఉపాయముండెను. దట్టముగా ఆకులున్న చెట్టు క్రిందికి పోయి, ఆ పచ్చని నీడలో రాయిని చూడవలెను. నీలి యున్నచో అక్కడ దాగదు. ఈ పరీక్ష తప్పిపోవుట లేదని అతడు నమ్మెను. లోకమున నీలివజ్రముచేతనే అతనికి చిరకీర్తి కలుగవలసి యుండుట దైవపు వినోదము కాబోలు.

గనియూరిలో అతని నాకర్షించిన మరియొక దృశ్యము పిల్లల వ్యాపారము. పదేండ్లు మొదలు పదునైదు పదునారేండ్ల వరకు గల వర్తకుల కుమారులు ఉదయమే ఊరినడుమనున్న పెద్దచెట్టు క్రింద చేరెదరు. ప్రతివానికి ఒక ప్రక్క తూనికరాళ్ల సంచి, మరియొక ప్రక్క వరహాల సంచి. ఆ సంచిలో కొందరికి 600 వరహాల వరకు ఉండును. ఎవడైనను రాయి తెచ్చి చూపినచో దానిని తమలో పెద్దవానికిత్తురు. అతడు చూచి ప్రక్కవానికిచ్చును. ఆ విధముగా రాయి అందరి చేతులు తిరిగి మరల పెద్దవానియొద్దకు వచ్చును. నడుమ నెవడును నోరు విప్పడు. పిదప పెద్దవాడు బేరమాడును. ఎక్కువ వెల పెట్టి కొనెనా, ఆ నష్టము వానిదే. సాయంకాలము కొన్న రాళ్లన్నిటిని ముందుంచుకొని, కాంతిని బట్టి, తూకమును బట్టి, నిర్మలతను బట్టి వేరుచేసి, పెద్ద వర్తకుల కమ్మి, లాభమును సమముగా పంచుకొందురు. పెద్దవానికి మాత్రము నూటికి పావు వంతు అదనము. పుస్తకము లేదు, బెత్తము లేదు. తప్పు చేసినవానికి తన తప్పు ఆ సాయంకాలమే అంకెలలో కనబడును. ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారు ఈ చెట్టునీడను గూర్చి కొంచెము ఆలోచింపదగును.

పెద్దల బేరము అంతకంటె నిశ్శబ్దము. కొనువాడును, అమ్మువాడును ఎదురెదురుగా మఠము వేసికొని కూర్చుందురు. ఒకడు నడికట్టు విప్పి, దాని చెంగు క్రింద రెండవవాని కుడిచేయి పట్టుకొనును. చేయి అంతయు పట్టినచో వేయి. ఐదువ్రేళ్లు పట్టినచో ఐదువందలు. ఒక్క వ్రేలు నూరు. నడిమి కణుపు వరకు పట్టిన ఏబది. కొనకణుపు మాత్రము పట్టిన పది. చుట్టును నలుగురు కూర్చున్నను, ఒకే రాయి ఆ గదిలోనే రెండు మూడు పర్యాయములు చేతులు మారినను, వెల యెంతయో మూడవవానికి తెలియదు. కన్నులతో నైనను సైగ చేయరు. టావెర్నియర్ ఈ వ్రేళ్లభాషను కణుపు లెక్కతో సహా తన గ్రంథమున వ్రాసిపెట్టెను.

ఒకనాటి సంధ్యవేళ ఆ గనియూరిలో అతని యొద్దకు చిరిగిన బట్టలు కట్టిన కోమటి యొకడు వచ్చెను. చూచుటకు పది వరహాల ఆసామి వలె లేడు. అనుచరులు దూరముగా తొలగిన పిమ్మట ఆ మనిషి తలగుడ్డ విప్పి, జుట్టు ముడిలోనుండి ఒక వజ్రము తీసి చేతిలో పెట్టెను. అది నలుబదియెనిమిదిన్నర క్యారట్లది, కాంతి చక్కనిది, పైభాగమున కొంచెము దోషము తప్ప మూడువంతులు నిర్మలముగా నుండెను. దానిని అతడు కొనెను. తరువాత ఒక డచ్చి నౌకాధిపతికి లాభమునకు అమ్మెను.

అచ్చటినుండి అతడు కొల్లూరు గనికి పోయెను. అది గోలకొండకు తూర్పున ఏడుదినముల ప్రయాణము, కృష్ణయొడ్డున నున్నది. ఆ యూరిపేరు పారసీకులు కొల్లూరందురనియు, దేశభాషలో గని యందురనియు అతడు వ్రాసెను. మనవారు గని యని చెప్పిన మాటను అతడు ఊరిపేరుగా నెంచెను. ఆ చిన్న పొరపాటు వలన మూడున్నర శతాబ్దులనాటి పనివాని నోటినుండి వచ్చిన తెలుగుమాట ఒకటి ఫ్రెంచి గ్రంథములో చెక్కుచెదరక నిలిచినది. అప్పటికి నూరేండ్ల క్రిందట ఒక పేదరైతు చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుచుండగా ఇరువదియైదు క్యారట్ల రాయి దొరకుటతో ఆ గని బయటపడినదని అతనికి చెప్పిరి.

కొల్లూరున పనిచేయువారు 60,000 మంది యని అతని లెక్క. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలు, పిల్లలు మట్టి మోయుదురు. పనికి ముందు దేవతావిగ్రహమునకు పూజ చేసి, నొసట బొట్టు పెట్టుకొని, ఆకులలో అన్నము, నేయి వడ్డించుకొని భుజింతురు. పిమ్మట పది పండ్రెండు అడుగులు, నీరు పడువరకు త్రవ్వుదురు. ప్రక్కనే రెండడుగుల గోడ కట్టిన కళ్లములో ఆ మట్టిని పోసి, కుండలతో నీరు చేది పోసి జావగా కలిపి, మట్టినీటిని బయటికి వదలి, మిగిలిన దానిని ఎండబెట్టి, ధాన్యము చెరిగినట్లు చేటలతో చెరుగుదురు. మట్టిబెడ్డలను రోకళ్లతో దంచి మరల చెరుగుదురు. చివరకు అందరును వరుసగా కూర్చుండి వ్రేళ్లతో ఏరుదురు. వరి పండించు ఊరివారికి తెలిసిన పనులే ఇవన్నియు: దంచుట, చెరుగుట, ఏరుట. నేర్పు కొత్తది కాదు, గింజయే కొత్తది.

పని నేర్చిన ఆ మనిషికి కూలి ఏడాదికి మూడు వరహాలు. చెట్టు క్రింది కుర్రవాని నడుమున నున్న 600 వరహాలు అట్టివాని 200 ఏండ్ల కూలి. ఏబదిమంది పనివారికి పండ్రెండు, పదునైదుగురు కావలివారుందురు. అయినను ఆకలిగొన్నవారు రాళ్లు మ్రింగెడివారు. కంటికొలకులో రాయి దాచుకొన్న వాని నొకనిని టావెర్నియర్ స్వయముగా చూచెను. పదునాలుగు పదునారు క్యారట్లకు మించిన రాయి దొరకిన పనివానికి యజమాని తలపాగకు గుడ్డయు, ఒక వరహాయో అరవరహాయో, కాకున్న బియ్యము, పళ్లెముతో పంచదారయు బహుమతిగా నిచ్చెడివాడు. ఈ సంగతులను అతడు దాచలేదు. వీరు పేదలనియు, పని బాగుగ తెలిసినవారనియు వ్రాసెను. అయితే ఎవరికడ అతడు దీపపు పరీక్షను నేర్చెనో, చెట్టునీడ మర్మమును తెలిపినది యెవరో, నూటమూడు క్యారట్ల రాయిని చక్రముపై నిలిపిన చేయి యెవరిదో, ఒక్కరి పేరును వ్రాయలేదు. రాజుల పేర్లు, మంత్రుల పేర్లు వ్రాసెను. తూకములు భిన్నములతో సహా వ్రాసెను. చీల్చు విద్యలో తనవారిని మించినవారని మెచ్చుకొన్న చేతులకు పేరడుగవలెనని అతనికి తోచలేదు. అతని గ్రంథమునకు ఇది గొప్ప లోపము.

1652లో మచిలీపట్టణమున దిగి, మద్రాసుమీదుగా గండికోటకు వచ్చెను. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా నగలు కొనుటకు ముందు తన మంత్రి మీర్ జుమ్లా కంటబడవలెను. మీర్ జుమ్లా అప్పటికి పెమ్మసాని వారినుండి గండికోటను గెలిచి అందు విడిసి యుండెను. వ్యవహారములు చూచునపుడు ఆ మంత్రి చదువవలసిన కాగితములను చేతివ్రేళ్ల నడుమనే గాక కాలివ్రేళ్ల సందులలో కూడ ఇరికించుకొని కూర్చుండుట చూచి టావెర్నియర్ వింతపడెను. ఒకనాడు మంత్రి ఐదు చిన్న సంచులు తెప్పించి చూపెను. ఒక్కొక్కదానిలో పిడికెడు పలుచని వజ్రములు. ఫ్రాన్సులో నివి అమ్ముడుపోవునా యని అడిగెను. రాళ్లు చిన్నవి, కాంతి నల్లనిది. తెల్లని కాంతి యున్నచోనే అక్కడ అమ్ముడగునని వర్తకుడు ఉన్నమాట చెప్పెను. అధికారముగల మంత్రి ముందర నట్లు చెప్పుటకు కంటితోపాటు గుండెయు కావలెను.

1665 నవంబరు 2వ తేదీన ఔరంగజేబు కొలువులో అతనికి లభించిన అవకాశము మరి యే ఐరోపీయునికిని అంతకు ముందు లభింపలేదు. ఆభరణాగారపు అధికారి అకిల్‌ఖాన్ నగలను లక్కపూత పళ్లెరములలో తెప్పించి, ఒక్కొక్కటి అతని చేతికిచ్చి చూడనిచ్చెను. అందు మొదటిది మొగలాయి మహావజ్రము. అడ్డముగా కోసిన గ్రుడ్డు ఆకారము. అడుగు అంచున చిన్న బీట. తూకము 319½ రతులు, అనగా దాదాపు 280 క్యారట్లు. రతి యనగా మన గురువిందగింజ యెత్తు. కొల్లూరు గనిలో దొరకి, మీర్ జుమ్లా కానుకగా సమర్పించిన ఈ రాయి ముడిగా నున్నపుడు 907 రతులు తూగెను. దానికి సాన పట్టినవాడు హోర్తెన్‌సియో బోర్జియో అను వెనీసు నగరవాసి. బీటలున్న రాయిని చీల్చుటకు బదులు అతడు అరగదీసికొనుచు పోయెను. మూడింట రెండువంతుల రాయి పొడియై పోయెను. చక్రవర్తి కూలి యియ్యలేదు సరిగదా, పదివేల రూపాయలు జరిమానా వేసెను. ఇంకను ధనమున్నచో ఇంకను వేసియుండునని టావెర్నియర్ మాట.

ఇక్కడ అతడు చేసిన విమర్శ గమనింపదగినది. బోర్జియోకు వృత్తి బాగుగ వచ్చియున్నచో, రాయికి హాని లేకుండ పెద్ద ముక్కలు చీల్చి తీసియుండెడివాడు, అంత శ్రమపడి అరగదీయవలసిన పని లేకపోయెడిది అని తేల్చెను. అనగా, ఇరువది యేండ్ల క్రిందట రావులకొండలో పేరులేని సానవారు చేయగా చూచిన పనినే గీటురాయిగా పెట్టి ఐరోపా పనివానిని అతడు తూచెను. అతని కంటికి చదువు చెప్పినది ఎవరో ఈ ఒక్క తీర్పు చాలును.

తూకమునకై మనవారు ప్రాకులాడుట మొరటుతన మనుకొన్నవారు టావెర్నియర్ గ్రంథములోని వెలకట్టు సూత్రమును చూడవలెను. దోషములేని ఒక క్యారట్ రాయి వెల 150 ఫ్రెంచి లివరులు. పెద్ద రాయికి, తూకమును తూకముతోనే హెచ్చించి, వచ్చినదానిని 150 చేత హెచ్చింపవలెను. పండ్రెండు క్యారట్ల రాయికి పండ్రెండు పండ్రెండ్లు 144. దానిని 150 చేత హెచ్చింపగా 21,600 లివరులు. దోషమున్న రాయికి 150కి బదులు 80. ఈ లెక్కలో తూకము సగమైనచో వెల పావు వంతగును. కావున ముడిరాయి ఆకారమును చెడగొట్టక కాపాడిన సానవాడు యజమాని ధనమును కాపాడినవాడే. మహావజ్రమునకు టావెర్నియర్ ఇదే సూత్రముచేత 1,17,23,278 లివరుల వెల కట్టెను. ముడిరాయికిని, చెక్కిన రాయికిని లెక్క ఒకటి కాదు గాని, సూత్రమును ఉన్నదున్నట్లు పట్టినచో బోర్జియో చేతిలో ఆ రాయి వెల ఎనిమిదవ వంతుకు దిగిపోయెను.

ఆ కొలువులోనిదే మరియొక కథ. చక్రవర్తి బంధువు జాఫర్‌ఖాన్ ఔరంగజేబునకు కానుక యిచ్చుటకై ఒక పెద్ద కెంపును 95,000 రూపాయలకు కొనెను. ముదుసలి వర్తకుడొకడు దానిని చూచి, అది చెప్పిన జాతి రాయి కాదనియు, 500 రూపాయలకు మించదనియు తేల్చెను. ఎవరి మాట నమ్మవలెనో తెలియక, ఆగ్రా కోటలో బందీగా నున్న షాజహాను యొద్దకు దానిని పంపిరి. రత్నములలో ఆయనను మించిన పరీక్షకుడు లేడని ప్రసిద్ధి. ఆయనయు ముదుసలి చెప్పినట్లే చెప్పెను. అమ్మినవాడు సొమ్ము తిరిగి యియ్యవలసి వచ్చెను. ఆ ముదుసలి పేరును టావెర్నియర్ వ్రాయలేదు.

1668లో స్వదేశమునకు మరలి పదునాలుగవ లూయీకి వేయింటికి మించిన వజ్రములు అమ్మెను. వాటిలో 112 క్యారట్లకు పైబడిన నీలివజ్ర మొకటి. చెట్టునీడలో పరీక్షించి త్రోసివేయవలసిన కలతనీలి కాదది. తనంత తానుగా ముదురునీలమై మెరయు రాయి. అది మనదేశపు సానలో, ఆకారము చెదరక, తూకము పోకుండ చెక్కబడి యుండెను. అది కొల్లూరుదే యని పండితులు సాధారణముగా చెప్పుదురు. 1669లో రాజు అతనికి ప్రభుపదవి ననుగ్రహించెను. మరుసటియేట అతడు జినీవా సమీపమున ఓబోన్ అను జమీ కొని అందు కాపురముండి, 1676లో తన ఆరు యాత్రల గ్రంథమును ప్రకటించెను. అందులో తాను చూచిన పెద్దవజ్రముల బొమ్మలు, తూకములు వేయించెను. ఒక తరువాతి ముద్రణమున అతని చిత్రము కలదు: పారసీక చక్రవర్తి యిచ్చిన ఖిల్లతు అంగరఖా, తలపాగ ధరించిన ఐరోపా వర్తకుడు.

విశ్రాంతి అతని జాతకములో లేదు. బ్రాండెన్‌బర్గ్ పాలకుడు తూర్పువర్తకసంఘము స్థాపింపదలచి పిలువగా ఎనుబది యేండ్ల వృద్ధు మరల ఉత్సాహపడెను. ఆ ప్రయత్నము ఫలింపలేదు. 1685లో ఫ్రాన్సున ప్రొటెస్టెంటులకు స్వేచ్ఛ తొలగెను. ఆ యేడే ఓబోన్ జమీని అమ్మివేసెను. తుదకు రష్యామీదుగా తూర్పునకు పోవు దారిలో 1689లో మాస్కో నగరమున మరణించెను.

నీలివజ్రపు చరిత్ర అంతటితో ముగియలేదు. పదునాలుగవ లూయీకి తూకముకంటె మెరుపు ప్రియము. నేటి క్యారట్లలో 115 తూగిన రాయిని 1673 నాటికి 69కి చెక్కించెను. 1792లో విప్లవసమయమున అది దొంగిలింపబడెను. లండనులో మరల కనబడునప్పటికి 45.52 క్యారట్లది. హోప్ వజ్రమను పేరుతో 1958 నుండి అమెరికాలోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. మొదటి రాయి రూపమెట్టిదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు టావెర్నియర్ వేయించిన బొమ్మయే ఆధారమైనది.

కొల్లూరు పులిచింతల జలాశయపు ముంపులో పోయినది. కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి ప్రాంతపు చేలలో తొలకరి వాన కురిసిన మరునాడు నేటికిని జనము పిల్లలతో వచ్చి, తలలు వంచి, తడిమట్టిలో మెరయు రాయికొరకు వెదకుదురు. దొరకినదానిని కొనుటకు వర్తకులు అక్కడికే వచ్చెదరు.